క్లబ్ స్విమ్మింగ్ పిల్లల శిక్షణ: పై బ్యాచ్‌కు ఎప్పుడు, ఎలా మార్చాలి

‘‘సార్, మా వాడిని పై బ్యాచ్‌లోకి ఎప్పుడు మారుస్తారు?’’ వేసవి శిబిరాలు ముగిసి, ఈతలో చురుకుగా కనిపించిన పిల్లలను క్లబ్ జట్టులోకి తీసుకున్న తరువాత ఏ కోచ్‌కైనా ఎదురయ్యే ప్రశ్న ఇది. మన దగ్గర దీనికి సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి. పదకొండేళ్లు నిండితే మారుస్తామని కొందరు, జిల్లా పోటీల్లో పతకం తెస్తే మారుస్తామని మరికొందరు, ఆగకుండా కిలోమీటరు ఈదగలిగితే చాలని ఇంకొందరు అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉన్నా, ఏదీ సరైన కొలమానం కాదు. అలసట మొదలైన తరువాత కూడా ఆ పిల్లవాడి ఈత తీరు ఎంత దూరం చెడకుండా నిలుస్తోందన్నదే ముందు చూడవలసిన విషయం. వయసు, పతకం, దూరం దాని తరువాతే. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఒకరిద్దరు కోచ్‌లతో, ముప్పై నలభై మంది పిల్లలతో నడిచే క్లబ్‌లో ఆ కొలమానాన్ని రోజువారీ శిక్షణలో ఎలా వాడుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

నాలుగు బ్యాచ్‌లు, వాటి పని

చిన్న క్లబ్‌కు నాలుగు బ్యాచ్‌లు సరిపోతాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు ఉండే మొదటి బ్యాచ్‌కు వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు చాలు. వాళ్లు నేర్చుకోవలసింది నీటిపై తేలడం, శరీరాన్ని బాణంలా చాచి గోడను తన్ని జారడం, పక్కకు తిరిగి శ్వాస తీసుకోవడం మాత్రమే. రెండో బ్యాచ్‌లో వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట లేదా గంటంపావు, 1200 నుంచి 2000 మీటర్ల దాకా ఈదించవచ్చు. సుమారు పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు ఉండే మూడో బ్యాచ్‌కు వారానికి ఐదారు సెషన్లు, ఒక్కోటి గంటన్నర, 3000 నుంచి 4000 మీటర్లు సరైన పరిమాణం. నాలుగో బ్యాచ్‌కు మాత్రమే ఉదయం, సాయంత్రం కలిపి వారానికి ఏడు నుంచి తొమ్మిది సెషన్లు పెట్టాలి. ఈ అంకెలు గీసిన గీతలు కావు. పూల్ దొరికే వేళలను బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి. అయితే కింది బ్యాచ్ పిల్లల చేత పై బ్యాచ్ దూరాలు ఈదించి ‘మా పిల్లలు రోజూ నాలుగు కిలోమీటర్లు కొడతారు’ అని చెప్పుకోవడం మాత్రం మానుకోవాలి. చెడ్డ తీరుతో ఈదిన ప్రతి కిలోమీటరూ ఆ చెడ్డ తీరునే గట్టిపరుస్తుంది, దాన్ని విప్పడానికి తరువాత నెలలు పడుతుంది.

అలసటలో తీరు నిలుస్తోందా: ఒక పరీక్ష

మూడో బ్యాచ్‌కు మారాలనుకునే పన్నెండేళ్ల అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. 25 మీటర్ల పూల్‌లో ఆమె చేత 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఎనిమిది సార్లు ఈదించాలి, ప్రతి 1 నిమిషం 15 సెకన్లకు ఒకసారి బయలుదేరాలి. స్టాప్‌వాచ్ ఒకరు పట్టుకుంటే, బారలు, అంటే ఒక్కో చేయి నీటిలో వేసే వేట్లు, మరొకరు లెక్కపెట్టాలి; రెండో మనిషి లేకపోతే ఆ పని గట్టున కూర్చున్న తల్లిదండ్రుల్లో ఒకరికి అప్పగించవచ్చు, వాళ్లకూ ఈత అర్థం కావడం మొదలవుతుంది. మొదటి నాలుగు సార్లు ఆమె 42 సెకన్లలో, 25 మీటర్లకు 20 బారల చొప్పున ఈదింది అనుకుందాం. ఐదోసారి కూడా 42 సెకన్లే వచ్చాయి, కానీ బారలు 23 అయ్యాయి. ఏడోసారి 44 సెకన్లు, 25 బారలు. స్టాప్‌వాచ్ ఒక్కటే చూసే కోచ్ ‘ఏడో దాంట్లో తగ్గింది’ అంటాడు. నిజానికి ఐదో దాంట్లోనే మోచేయి జారింది, తుంటి కిందికి దిగింది, నీటిని వెనక్కి నెట్టే పట్టు పోయింది. పోయిన పట్టును ఆమె చేతులు వేగంగా తిప్పి కప్పిపుచ్చుకుంది.

దీని అర్థం ఏమిటంటే, ఈ వేగంతో ఆమెకు పనికొచ్చే దూరం ఇప్పటికి నాలుగు యాభైలే. కాబట్టి ఎనిమిదినీ పళ్లబిగువున ఈదించకుండా, నాలుగు యాభైలు, మధ్యలో తేలికగా ఒక వంద, మళ్లీ నాలుగు యాభైలు ఇవ్వాలి. అవి నిలకడగా వచ్చాక ఐదు, ఆపై ఆరు. ఎనిమిదింటిలోనూ సమయం ఒక సెకను, బారలు ఒకటి మించి మారకుండా ఈదగలిగిన రోజున మాత్రమే పని పెంచాలి. పెంచేటప్పుడు ఎన్నిసార్లు, ఎంత విశ్రాంతి, ఎంత వేగం అన్న మూడింటిలో ఒక్కదాన్నే మార్చాలి. విశ్రాంతి తగ్గించి, వేగమూ పెంచితే ఆమె ఎక్కడ, ఎందుకు తడబడిందో ఎవరికీ తెలియదు.

రెండో బ్యాచ్ నుంచి మూడో బ్యాచ్‌కు మార్చడానికి ఈ పరీక్షతోపాటు మరికొన్నింటిని చూడాలి. 200 మీటర్ల వ్యక్తిగత మెడ్లేను, అంటే బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ అనే వరుసలో, పోటీ నియమాల ప్రకారం తప్పు లేకుండా పూర్తి చేయాలి. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో రెండు చేతులూ ఒకేసారి గోడను తాకుతున్నాయా, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్లు రెండూ ఒకే తీరున కదులుతున్నాయా అన్నది శిక్షణ ఇచ్చిన కోచ్ కాకుండా వేరొకరు చూడటం మంచిది. మన పిల్లల తప్పులకు మన కళ్లు త్వరగా అలవాటు పడిపోతాయి. గోడను తన్నిన ప్రతిసారీ ఆ పిల్ల ఎక్కడ పైకి తేలుతోందో చూడటానికి ప్రత్యేకమైన పరికరమేదీ అక్కరలేదు. బ్యాక్‌స్ట్రోక్ కోసం పూల్‌కు అడ్డంగా కట్టే జెండాలు గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఉంటాయి. మొదటి ల్యాప్‌లోనైనా, అరవయ్యో ల్యాప్‌లోనైనా జెండాలు దాటాకే తల పైకి రావాలన్నది రెండో బ్యాచ్ నుంచే చట్టం కావాలి. పోటీల్లో ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో 15 మీటర్ల వరకు నీటి అడుగున ఉండవచ్చు కాబట్టి, 5 మీటర్లు అడగడం పెద్ద కోరిక కాదు.

ఇంకొకటి, గడియారం చూసుకుని తనంతట తానే బయలుదేరడం. కోచ్ ‘గో’ అంటే తప్ప కదలని పిల్లవాడు మూడో బ్యాచ్‌లో లేన్ మొత్తాన్ని ఆపేస్తాడు. పేస్ క్లాక్ కొనలేని క్లబ్‌లు సెకన్ల ముల్లు ఎర్రగా కనిపించే పెద్ద గోడ గడియారాన్ని గట్టున పెట్టుకున్నా సరిపోతుంది.

వేగాన్ని లెక్కగట్టడం

మూడో బ్యాచ్ నుంచి ప్రతి పిల్లకూ తన ఓర్పు వేగం, అంటే ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం, తెలిసి ఉండాలి. దానికి 400 మీటర్లు ఒకసారి, పూర్తి విశ్రాంతి తరువాత 200 మీటర్లు ఒకసారి గట్టిగా ఈదించి సమయం రాసుకోవాలి. ఒక అబ్బాయికి 400 మీటర్లకు 6 నిమిషాల 20 సెకన్లు, 200 మీటర్లకు 3 నిమిషాలు పట్టాయనుకుంటే, రెండింటి తేడా 200 మీటర్లకు 200 సెకన్లు. అంటే 100 మీటర్లకు 1 నిమిషం 40 సెకన్లు. ఈ వేగంతో వందలు ఎనిమిది నుంచి పది, ఒక్కోదానికి 20 సెకన్ల విశ్రాంతితో, అంటే ప్రతి 2 నిమిషాలకు ఒకటి చొప్పున వారానికి రెండుసార్లు ఈదిస్తే ఓర్పు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి పరీక్షను మళ్లీ పెట్టాలి. ఇక్కడ కూడా బారల లెక్క వదలకూడదు: వేగం 1:38కి దిగి, బారలు 20 నుంచి 24కు పెరిగితే దాన్ని పూర్తి ప్రగతిగా లెక్కించలేం.

మిగిలిన వారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఓర్పుకు రెండు రోజులు, నాలుగు రకాల ఈతలకూ కాళ్లకూ ఒకటిన్నర రోజు, 15 నుంచి 25 మీటర్ల పూర్తి వేగపు స్ప్రింట్‌లకు ఒక రోజు, స్టార్ట్‌లకూ టర్న్‌లకూ శనివారం అని పంచుకుంటే చాలు. పూర్తి వేగంతో ఈదే రోజున విశ్రాంతి పుష్కలంగా ఇవ్వాలి. రొప్పుతూ ఈదిన స్ప్రింట్ వేగాన్ని నేర్పదు. లేన్‌కు ఎనిమిది మంది ఉంటే అందరూ ఒకే దిశలో చుట్టూ తిరుగుతూ, ఐదు సెకన్ల ఎడంతో బయలుదేరాలని, ముందువాళ్లను దాటాలంటే పాదం తాకి గోడ దగ్గర దారి తీసుకోవాలని మొదటి వారంలోనే నేర్పితే గొడవలు సగం తగ్గుతాయి.

ఒక్క విషయంలో మాత్రం పట్టువిడుపులు ఉండకూడదు. ‘ఎవరు ఎక్కువసేపు నీటి అడుగున ఉంటారో చూద్దాం’ అనే పోటీలను పిల్లల మధ్య జరగనివ్వకూడదు. గబగబా లోతైన శ్వాసలు తీసుకుని మునిగితే ఊపిరి ఆడటం లేదన్న హెచ్చరిక అందకముందే స్పృహ తప్పవచ్చు, అది బాగా ఈత వచ్చినవాళ్లకూ ప్రాణాంతకమే. కోచ్ గట్టున లేని నిమిషంలో నీళ్లలో ఎవరూ ఉండకూడదు.

వయసు వర్గాలు, ఎదుగుదల

భారత స్విమ్మింగ్ సమాఖ్య జూనియర్ పోటీల్లో 15 నుంచి 17 ఏళ్ల వారిని గ్రూప్-1గా, 12 నుంచి 14 ఏళ్ల వారిని గ్రూప్-2గా విభజిస్తారు. వయసును ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కిస్తారు కాబట్టి, జనవరిలో పుట్టిన పిల్ల, అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టిన పిల్ల ఒకే వయసువారి కింద లెక్క. అంతకంటే ముఖ్యమైనది, గ్రూప్-2లో పన్నెండేళ్ల అబ్బాయి, మీసం మొలుస్తున్న పద్నాలుగేళ్ల అబ్బాయి పక్కపక్క లేన్‌లలో ఈదుతారు. అక్కడ పన్నెండేళ్లకు వచ్చిన పదో స్థానం, పద్నాలుగేళ్లకు వచ్చిన మూడో స్థానం కంటే ఎక్కువ ఆశ కలిగించవచ్చు. పతకాన్ని బట్టి బ్యాచ్ మార్చవద్దని చెప్పడానికి ఇదే కారణం. వర్గాల వివరాలను మాత్రం ప్రతి ఏడాదీ ఎంట్రీకి ముందు వచ్చే సర్క్యులర్‌లో సరిచూసుకోవాలి.

ఆడపిల్లలు సగటున పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా పొడుగవుతారు. మూడు నెలలకోసారి ఒకే గోడ దగ్గర, ఒకే వేళకు ఎత్తు కొలిచి రాసిపెట్టుకుంటే ఆ దశ ఎప్పుడు వచ్చిందో కోచ్‌కు తెలిసిపోతుంది. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లకు మించి పెరిగిన పిల్లకు చేతుల పొడవు కొత్తది, తూకం కొత్తది. అంతకుముందు చక్కగా వచ్చిన బటర్‌ఫ్లై అకస్మాత్తుగా గందరగోళంగా మారవచ్చు, టైమింగ్‌లు నెలల తరబడి ఒకే చోట ఆగిపోవచ్చు. ఇంట్లో వాళ్లు దీన్ని బద్ధకమనుకుంటారు. ఆ రోజుల్లో దూరం పెంచకుండా, చేతి ప్యాడిల్స్ (అరచేతులకు తగిలించుకునే పలకలు) పక్కన పెట్టి, రెండో బ్యాచ్‌లో తీరు దిద్దడానికి చేయించిన డ్రిల్స్‌ను మళ్లీ ఓపిగ్గా చేయించాలి.

భుజం గురించి ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. 4000 మీటర్ల సెషన్‌లో కిక్‌కు, అంటే కాళ్లతో మాత్రమే ఈదడానికి, వెయ్యి మీటర్లు పోయినా, మిగిలిన 3000 మీటర్లకు 25 మీటర్లకు 20 బారల చొప్పున 2400 బారలు పడతాయి, అంటే ఒక్కో భుజానికి 1200. వారానికి ఆరు సెషన్లంటే ఒక్కో భుజం ఏడు వేలకు పైగా తిరుగుతుంది. తీరు కొద్దిగా తప్పినా, ఆ తప్పు ఏడు వేల సార్లు పడుతుంది. అందుకే పదమూడేళ్లలోపు వాళ్లకు ప్యాడిల్స్ ఇవ్వకపోవడం, నీళ్లలోకి దిగేముందు రబ్బరు బ్యాండ్‌తో భుజం వెనుక కండరాలకు పది నిమిషాల వ్యాయామం చేయించడం, గట్టుపై గుంజీలు, ప్లాంక్, పుష్‌అప్‌ల వంటి సొంత బరువు వ్యాయామాలకే పరిమితం కావడం అవసరం. మరునాటి ఉదయం కూడా తగ్గని నొప్పి ఉంటే స్ప్రే కొట్టి దింపకూడదు. డాక్టరుకు చూపించేదాకా చేతులతో పట్టుకునే తేలే పలక (కిక్‌బోర్డ్) కూడా పట్టించకుండా, చేతులు పక్కన పెట్టుకుని కాళ్ల పని మాత్రమే చేయించాలి.

ఒకే ఈతకు ఎప్పుడు అంకితం కావాలి

పద్నాలుగేళ్ల దాకా ఏ పిల్లనూ ‘ఈమె బ్రెస్ట్‌స్ట్రోక్ అమ్మాయి’ అని ముద్ర వేయకూడదు. 200 మీటర్ల మెడ్లే, 400 మీటర్ల ఫ్రీస్టైల్, ఈ రెండూ ప్రతి పోటీలోనూ ప్రతి పిల్లా ఈదాలన్నది మంచి నియమం. 50 మీటర్లలో సులువుగా పతకం వస్తుందని తల్లిదండ్రులు అటే మొగ్గుతారు, కోచ్‌లకూ ఆ ప్రలోభం తక్కువేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి ధినిధి దేశింఘు పద్నాలుగేళ్లకే 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదిన తరువాత, ‘మా పిల్లకూ పన్నెండొచ్చాయి’ అనే తొందర మరీ ఎక్కువైంది. అదే కాలానికి చెందిన సాజన్ ప్రకాశ్‌ను కూడా గుర్తుంచుకోవాలి. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ఎ-ప్రమాణ సమయాన్ని అందుకున్న మొదటి భారతీయ ఈతగాడైనప్పుడు ఆయన వయసు 27 ఏళ్లు. ఈ రెండు వయసుల్లో ఏదీ మన పిల్లకు టైమ్‌టేబుల్ కాదు.

మన రాష్ట్రాల్లో మంచి ఈతగాళ్లను పోగొట్టుకునేది ఎక్కువగా పోటీల వల్ల కాదు, తొమ్మిది, పదో తరగతుల దగ్గర. ఫౌండేషన్ కోర్సులు, ఆపై ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు. గ్రూప్-1 వయసు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. తల్లిదండ్రులతో ఎనిమిదో తరగతిలోనే కూర్చుని, పరీక్షల ఏడాదిలో ఈత పూర్తిగా మానకుండా వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి గంట అనే ఒప్పందానికి రావడం ఉత్తమం. నీటి పట్టు రెండు మూడు వారాలు దూరమైతేనే జారిపోతుంది. ఏడాది మానేసి పదహారేళ్లకు తిరిగి వచ్చేవాళ్లు చాలా తక్కువ. తెల్లవారుజాము సెషన్ కోసం నిద్ర కోసేయడం కూడా తప్పే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి కాబట్టి, రాత్రి పదకొండుకు ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లను ఐదింటికి పూల్‌కు రమ్మనడం కంటే ఆ సెషన్ వదిలేయడమే మేలు. దిగేముందు ఒక అరటిపండో, గ్లాసు రాగిజావో, ఈది వచ్చిన అరగంటలో ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు, పాలు. మనకు అలవాటైన తిండే చాలు, డబ్బా పొడులు అక్కరలేదు. గట్టున నీళ్ల సీసా మాత్రం తప్పనిసరి. నీళ్లలో చెమట తెలియదు, మన మే నెల ఎండల్లో బాగానే పడుతుంది.

పోటీలు, ఆ తరువాత

గత కొన్నేళ్లుగా జాతీయ సబ్ జూనియర్, జూనియర్ పోటీలు జూలై, ఆగస్టు ప్రాంతంలో జరుగుతున్నాయి, రాష్ట్ర ఎంపికలు అంతకు ముందు. 25 మీటర్ల పూల్‌లో శిక్షణ పొందే పిల్లలు 50 మీటర్ల పూల్‌లోకి వెళితే టర్న్‌లు తగ్గి 100 మీటర్లకు సాధారణంగా రెండు మూడు సెకన్లు నెమ్మదిస్తారు, చివరి 15 మీటర్లలో చేతులు బరువెక్కుతాయి. అందుకే ఏప్రిల్ నుంచి నెలకోసారైనా 2002 జాతీయ క్రీడల నాటి గచ్చిబౌలి పూల్ వంటి పెద్ద పూల్‌లో ఈదించి, ఆ టైమింగ్‌లను విడిగా రాయాలి. పెద్దల్లాగా రెండు మూడు వారాల ముందు నుంచి పని తగ్గించడం పన్నెండేళ్ల వాళ్లకు అనవసరం. నాలుగైదు రోజులు దూరం సగానికి తగ్గించి, పూర్తి వేగపు స్ప్రింట్‌లు కొన్ని ఉంచితే తాజాగా ఉంటారు. ముందే కదిలితే రెండో అవకాశం లేకుండా అనర్హులవుతారు గనుక, చివరి వారంలో స్టార్టర్ బీప్‌కు నిశ్చలంగా నిలబడటం ప్రత్యేకంగా సాధన చేయించాలి. రేసు ముగిశాక పిల్లను మొదట అడగవలసింది స్థానం గురించి కాదు, ‘ఏం చేద్దామని దిగావు, ఎంత వరకు చేయగలిగావు?’ అని. ఆపై 100 మీటర్లలో మొదటి, రెండో యాభైల సమయాలు పక్కపక్కన పెట్టి చూపాలి. తేడా ఆరు సెకన్లు దాటితే మొదట్లోనే ఎక్కువ ఖర్చు పెట్టినట్టు.

పై బ్యాచ్‌కు మార్చడాన్ని ఒక్కరోజు ప్రకటనగా కాకుండా ఒక నెల ప్రయోగంగా పెట్టాలి. పాత బ్యాచ్‌లో రెండు రోజులు, కొత్త బ్యాచ్‌లో రెండు రోజులు ఈదించి, నెల చివర పైన చెప్పిన ఎనిమిది యాభైల పరీక్ష మళ్లీ చూడాలి. తీరు నిలవకపోతే ఇంకో రెండు నెలలు పాత బ్యాచ్‌లోనే ఉంచాలి. ఈ అవకాశం ఉందని చేర్చుకునేటప్పుడే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెబితే, అది అవమానంగా కాక మామూలు విషయంగా చెల్లుతుంది. జాతీయ పోటీలు ముగిశాక అందరికీ రెండు వారాల సెలవు ఇచ్చి, తిరిగి వచ్చిన మొదటి వారంలో ఎత్తు, బారల లెక్క, 400-200 పరీక్ష మూడూ కొత్త కార్డుపై రాసి, ఆ కార్డును బట్టే ఏడాది బ్యాచ్‌లు వేయాలి. చలికాలంలో వేడి నీటి సౌకర్యం లేని పూల్‌లలో ఉదయం సెషన్లు మానేసి, మధ్యాహ్నం ఎండలో గంటసేపు మాత్రమే ఈదించి, మిగిలిన సమయం గట్టుపై వ్యాయామానికి ఇవ్వవచ్చు.